ఈ మాట ఉంచనా, తీసెయ్యనా

ఇది రాసే ముందు ముగ్గురిని అడిగాను. మా అమ్మ లీలావతిని, ఆటో నడిపే శివనాగరాజు భార్య దుర్గక్కని, మా పక్కింటి కృపామణి పెద్దమ్మని. అమ్మ "నీ ఇష్టం" అంది. దుర్గక్క నవ్వి, "మా ఆయన పేరు కూడా రాయి, కాస్త సిగ్గొస్తద్ది" అంది. కృపామణి పెద్దమ్మ మాత్రం చేతిలో చేట కింద పెట్టి, "నా తప్పు కూడా రాస్తావా?" అని అడిగింది.

రాస్తానన్నాను.

"అయితే రాయి. అది లేకుండా రాస్తే అబద్ధమవుద్ది" అని మళ్ళీ చేట అందుకుంది.

మా ఊరు రొంపిచెర్లకు నాలుగు కిలోమీటర్లు. మా పేటలో రేకుల కప్పుతో చిన్న చర్చి ఉంది. శుక్రవారం ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా పస్తుండి ప్రార్థన చేసుకుంటారు. అన్ని సంఘాల్లోలాగే మా దగ్గర కూడా ఒకప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు లేచి చెప్పేవాళ్ళు. ఫలానా వాళ్ళబ్బాయి తాగుడు మానాలని, ఫలానా వాళ్ళమ్మాయి అత్తగారింటికి తిరిగి వెళ్ళాలని. ఇప్పుడు అలా కాదు. గురువారం సాయంత్రం కృపామణి పెద్దమ్మ గుడ్డసంచి తగిలించుకుని ఇంటింటికీ వస్తుంది. ఎవరికి ఏం కావాలో అడిగి చీటీ మీద రాయిస్తుంది. శుక్రవారం ప్రార్థనలో చదివేది ఆ చీటీలే. ఆమెకు చదవడం వచ్చుగానీ రాస్తే ఒత్తులు పోతాయి. అందుకని రాసేది నేను. రాశాక పైకి చదివి వినిపించమంటుంది. ఆ తర్వాత ఒకటే మాట అడుగుతుంది: "ఈ మాట ఉంచనా, తీసెయ్యనా?"

మొన్నటి గురువారం సువార్తమ్మవ్వ ఇంటికి వెళ్ళాం. "మా కోడలికి బుద్ధి రావాలని రాయవే" అంది అవ్వ.

"నీ కోడల్ని అడిగావా?" అంది పెద్దమ్మ.

"దాన్ని అడిగేదేంది? దానికి బుద్ధి లేదనేగా రాయిస్తన్నది!"

"దాని పేరు మీద చీటీ రాయాలంటే అది ఒప్పుకోవాలి. నీ పేరు మీదైతే నువ్వొక్కదానివే చాలు. కోడలికీ నాకూ పొసగాలి అని రాయించనా?"

"అంటే తప్పు నాదన్నట్టుంటది గదా!"

"సగం నీదన్నట్టుంటది. ఉంచనా, తీసెయ్యనా?"

అవ్వ కాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది. లోపల కోడలు గిన్నెలు కడగడం ఆపింది. "ఉంచు, ఉంచు. నీతో ఎవరు వాదిస్తారు" అంది అవ్వ. నేను చీటీ మడిచి సంచిలో వేశాను.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పొడుగు మనిషి. మిరపకోతకు పోయినా పత్తి తీయను పోయినా ముందు సాలు ఆమెదే. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అమ్మ కూలికి వెళ్తే నేను పెరిగింది ఆమె అరుగు మీదే. నాకు అమ్మకంటే ఎక్కువసార్లు జడలు వేసింది ఆమే. ఆ మనిషే నా చదువు ఆగిపోవడానికి కారణం కూడా. ఇది ఆమె నన్ను రాయమన్న తప్పు.

నాకప్పుడు పదిహేనేళ్ళు, పదో తరగతి. ఒక సాయంత్రం కుళాయి దగ్గర్నుంచి బిందెతో వస్తూ మా వాకిట్లోనే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి తల పెద్దమ్మ ఒళ్ళో ఉంది, పిడికిట్లో ఇనుప తాళంచెవులు ఉన్నాయి. బిందె దొర్లి నీళ్ళన్నీ పోయాయి. అమ్మ ఏడుస్తోంది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. బయట ఎక్కడా అనమాక. ఆడపిల్ల" అంది అమ్మ.

"నేనెందుకంటానే? ఇది నా బిడ్డ కాదా?" అంది పెద్దమ్మ.

ఆమె మాట నిలబెట్టుకుంది. పొలంలో ఎవరడిగినా పిల్లకు జ్వరమని చెప్పింది. పది రోజులకు నాకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎక్కువసేపు ఉంది. ఆ మర్నాడు శుక్రవారం.

మా చర్చి కప్పు మీద రెండు హారన్లున్నాయి. ఒకటి పేట వైపు, ఒకటి ఆటోలు ఆగే సెంటరు వైపు. ఆ రోజు పెద్దమ్మ మైకు తీసుకుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, లీలావతి కూతురు కావ్యని చూడయ్యా. మూర్ఛతో పడిపోతందయ్యా. నోటెంట నురగ వస్తందయ్యా. చదువుకునే పిల్లయ్యా..." అని వెక్కివెక్కి ఏడుస్తూ ప్రార్థన చేసింది. నేను ఇంట్లో బట్టలు మడత పెడుతున్నాను. నా పేరు విన్నాక చేతిలో లంగా అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. అమ్మ సెంటరు పక్క పొలంలో మిరపకాయలు కోస్తోంది. సాళ్ళలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి నడుములెత్తి తన వైపు చూశారని తర్వాత చెప్పింది.

ఆ ప్రార్థనలో అబద్ధం లేదు. ప్రేమ లేదని నేను ఇప్పటికీ అనను.

అమ్మ పని మధ్యలో వదిలేసి వచ్చింది. పెద్దమ్మ అప్పుడే చర్చి మెట్లు దిగుతోంది.

"ఎవరికీ చెప్పనన్నావు గదా అక్కా?"

"నేనెవరికి చెప్పానే లీలా? దేవుడికేగా చెప్పుకుంది!"

"దేవుడికి చెవుడా? రెండు హారన్లు పెట్టి చెప్పాలా?"

అమ్మ ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టింది.

మా ఊళ్ళో హైస్కూలు లేదు. రొంపిచెర్లకు శివనాగరాజు మామ ఆటోలో వెళ్ళేవాళ్ళం. సోమవారం పొద్దున ఆయన ఆటో మా ఇంటి ముందు ఆపి, దిగి వచ్చి, అమ్మతో మెల్లగా చెప్పాడు. "లీలావతక్కా, ఏమనుకోమాక. పదకొండు మంది పిల్లలెక్కుతారు. దార్లో ఈ పిల్ల పడితే పూచీ ఎవరిది?" ఆయనది చెడ్డ మనసు కాదు, భయం. అమ్మ కూలి మానుకుని రెండు రోజులు నన్ను నడిపించి తీసుకెళ్ళింది. క్లాసులో నా బెంచీ మీద నేనొక్కదాన్నే. రెండో రోజు ఇంటర్వెల్‌లో ఎవరో మూర్ఛ వచ్చినట్టు కింద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే మిగతావాళ్ళు నవ్వారు. మూడో రోజు నేను వెళ్ళలేదు. మానెయ్యమని ఎవరూ అనలేదు, వెళ్ళమని కూడా ఎవరూ అనలేదు. తర్వాత స్కూలు నుంచి వచ్చిన పరీక్ష హాల్‌టికెట్ ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది.

అమ్మ చర్చి మానేసింది. పెద్దమ్మ ఎదురైతే "అక్కా" అనడం పోయి "కృపామణి గారూ" అనడం మొదలుపెట్టింది. మా గోడకూ వాళ్ళ గోడకూ మధ్య రెండడుగుల సందు. ఆ సందులో నుంచి ఆ "గారు" అనే మాట విన్నప్పుడల్లా పెద్దమ్మ తల దించుకోవడం నేను కిటికీలోంచి చూసేదాన్ని. తిట్టినా అంత కుంగేది కాదేమో.

మొదటిసారి ఆమె వారం తర్వాత వచ్చింది. "నీ బిడ్డ మేలు కోరే గదే చేశా" అంది. అమ్మ వినిపించుకోలేదు. రెండోసారి క్రిస్మస్ ముందు రోజు వచ్చింది. "ఒకరినొకరు క్షమించుకోమని గదా దేవుడు చెప్పింది, లీలా" అంది.

అమ్మ మిరపకాయల తొడిమలు తీస్తూ తల ఎత్తకుండానే అంది. "దేవుణ్ణి అడ్డం పెట్టుకుని రాకండి కృపామణి గారూ. వస్తే మీరొక్కరే రండి."

ఆ తర్వాత ఆమె మైకు ముట్టుకోలేదు. మూడు వీధులకు వినపడే గొంతు. పాస్టరు అయ్యగారు అడిగితే, "నా నోరు బాగాలేదయ్యగారూ" అని వెనక కూర్చునేదట. ఒక ఆదివారం అయ్యగారు ప్రేమ గురించి చెబుతూ, ప్రేమ లేని మాట వట్టి మోత అన్నారట. ఆ మాట ఆమెను చాలా రోజులు పట్టుకుంది. తర్వాతెప్పుడో నాతో చెప్పింది. "నాకు ప్రేమ ఉందే కావ్యా. అయినా మోతే అయింది. ఎట్టా అయింది? తొడిమలు తీస్తా తీస్తా అదే ఆలోచించా. చానా రోజులు పట్టింది. ప్రేమ నాది. ఆ సంగతి నీది. నాకు ప్రేమ ఉంది గదా అని నీ సంగతి ఎత్తుకుపోయా."

ఇంత చిన్న మాట తెలుసుకోవడానికి ఆమెకు దాదాపు రెండేళ్ళు పట్టింది. నేను చూసిన మనుషుల్లో ఎక్కువమంది రెండేళ్ళలో తమ తప్పు మర్చిపోతారు. ఆమె దాన్ని రోజూ చేతిలో పట్టుకుని తిప్పితిప్పి చూసింది.

మూడోసారి వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఎండాకాలం, సాయంత్రం. ఆమె గడప దాటలేదు.

"లీలా, నేను తప్పు చేశా" అంది.

అమ్మ ఆగింది. ఇంకా ఏదో అంటుందని చూసింది. పెద్దమ్మ ఇంకేమీ అనలేదు. మేలు అనలేదు, దేవుడనలేదు. అట్లాగే నిలబడింది.

"మైకులో చేసిన తప్పు గడపలో చెబితే సరిపోద్దా?" అంది అమ్మ.

"మైకులోనే చెప్తా."

అమ్మ గబుక్కున లేచింది. ఒళ్ళో కాయలన్నీ చాప మీద పడ్డాయి. "మళ్ళీ నా బిడ్డ పేరెత్తుతావా?"

ఇద్దరికీ దారి లేదు. చెప్పకపోతే తప్పు తీరదు, చెబితే ఊరంతా మళ్ళీ నా వైపు చూస్తుంది. అప్పుడు పెద్దమ్మ మూలన ఉన్న నన్ను చూసింది. "కావ్యా, ఏ మాట అనమంటావో నువ్వు చెప్పు. వద్దంటే అసలు అనను."

నాకు జబ్బు వచ్చినప్పటి నుంచి నా గురించి చాలామంది మాట్లాడారు. నన్ను అడిగింది ఆమే మొదలు. నేను చాప మీద పడ్డ కాయలు ఏరడం మొదలుపెట్టాను.

"ఇప్పుడే చెప్పబళ్ళేదు" అని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం వచ్చి గడప దగ్గర కాసేపు నిలబడి వెళ్ళింది. ఆ మర్నాడూ అంతే. ఏమీ అడిగేది కాదు. అమ్మ కూడా పొమ్మనలేదు. తొమ్మిది రోజులు అలా వచ్చింది. పదో రోజు నేను పాత నోటుపుస్తకంలో కాగితం చింపి ఇచ్చాను. దాని మీద మూడు మాటలు రాశాను. నా పేరు వద్దు. జబ్బు పేరు వద్దు. అయ్యో పాపం అనొద్దు.

ఆమె వెలుతురులోకి వెళ్ళి కూడబలుక్కుని చదువుకుంది. మూడో మాట దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత కాగితం మడిచి కొంగున ముడి వేసుకుంది.

ఆదివారం ఆరాధన చివర ఆమె గొంతు రెండు హారన్లలోంచి వచ్చింది. అమ్మా నేనూ ఇంట్లో కూర్చుని విన్నాం.

"సంఘానికి వందనాలు. రెండేళ్ళ కింద నేను ఒక ఇంటి సంగతి, ఆ ఇంటివాళ్ళని అడక్కుండా ఈ మైకులో చెప్పాను. ప్రార్థన చేస్తున్నా అనుకున్నాను. చేసింది చాడీ. ఏ ఇల్లో మీకు తెలుసు. తెలుసు గదా అని మళ్ళీ మాట్లాడుకోవద్దు. తప్పు నాది. ఆ ఇంట్లో ఎవరిదీ కాదు. ఇక మీద ఈ మైకులో పాటలూ దేవుడి వాక్యమూ తప్ప ఎవరింటి సంగతీ రాకుండా చూడమని అయ్యగార్ని అడుగుతున్నా. అంతే."

హారన్ గరగరమని ఆగిపోయింది. అమ్మ కాసేపు గోడ వైపు చూసింది. "ఈసారి ఏడవలా" అంది.

మధ్యాహ్నం పెద్దమ్మ మా ఇంటి ముందు నుంచి వెళ్తోంది. మా వైపు చూడలేదు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే కేక వేసింది. "అక్కా! గోంగూర చేశా. గిన్నె తెచ్చుకో."

పెద్దమ్మ గిన్నె కోసం ఇంట్లోకి వెళ్ళి పావుగంట దాకా బయటికి రాలేదు. వచ్చేటప్పుడు మొహం కడుక్కుని వచ్చింది.

చీటీల పద్ధతి ఆ వారమే మొదలైంది. మొదటి చీటీ నాదే. అప్పటికి నరసరావుపేటలో డాక్టరు దగ్గర మందులు వాడుతున్నాను. నెలకోసారి వెళ్ళాలి. శివనాగరాజు మామ ఆటో ఎక్కించుకోడు గనక రొంపిచెర్ల దాకా ఎండలో నడిచి అక్కడ బస్సెక్కేవాళ్ళం. నేను చీటీ మీద "మన ఊళ్ళో ఒక అమ్మాయి మళ్ళీ ఆటో ఎక్కాలి" అని రాశాను. పేరు లేదు, జబ్బు లేదు. చాలా బాగా రాశాననుకున్నాను.

పెద్దమ్మ చదివింది. సంచిలో వెయ్యలేదు.

"దుర్గ వస్తది గదా శుక్రవారం" అంది.

శివనాగరాజు భార్య దుర్గక్క హిందువే అయినా, చంటిపిల్లాడికి బాగాలేనప్పటి నుంచి శుక్రవారాలు వచ్చి చివరి వరసలో బొట్టుతోనే కూర్చునేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

"ఇది చదివితే అందరూ వెనక్కి తిరిగి దుర్గ మొహం చూస్తారు. నీకు జరిగిందే దానికి జరుగుద్ది" అంది.

"జరగనీ" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకే భయమేసింది. పెద్దమ్మ కోప్పడలేదు. "నాకు తెలుసులే. అట్టా అనిపించుద్ది" అంది. చీటీ మళ్ళీ ఒకసారి చూసి, "దుర్గని అడిగి చదవనా?" అంది. నేను చాలాసేపటికి తల ఊపాను.

ఇద్దరం వెళ్ళాం. దుర్గక్క వాకిట్లో అంట్లు తోముతోంది. పెద్దమ్మ ఆమె పక్కన గొంతుక్కూర్చుని, పక్కింటికి కూడా వినపడకుండా చీటీ చదివింది. "రేపు సంఘంలో ఇది చదవాలా వద్దా, నువ్వే చెప్పు" అంది.

దుర్గక్క చేతులకు బూడిద అట్లాగే ఉంది. నా వైపు చూడలేక గిన్నె వైపు చూసింది. "చదవమాక పెద్దమ్మా" అంది.

"సరే" అని పెద్దమ్మ లేచింది. ఇంకొక్క మాట అనలేదు. నచ్చచెప్పలేదు, కనీసం నిట్టూర్చలేదు. నాకు కోపం వచ్చింది. వీధి మలుపు తిరిగాక, "అంతేనా?" అన్నాను.

"అంతే. వద్దంటే మానుకుంటానికేగా అడిగింది" అంది.

చీటీ నా చేతిలో పెట్టింది. శుక్రవారం దాన్ని ఎవరూ చదవలేదు. ఆ రోజు నేను ప్రార్థనలో కళ్ళు మూసుకోలేదు. దుర్గక్క చివరి వరసలో కొంగు నెత్తి మీద కప్పుకుని కూర్చుని ఉంది. ఆమె కూడా కళ్ళు మూసుకోలేదు.

సోమవారం పొద్దున మా ఇంటి ముందు ఆటో ఆగింది. శివనాగరాజు మామ దిగకుండానే తల బయటికి పెట్టాడు.

"ఏమే కావ్యా, ఆస్పత్రి ఇవాళేనా?"

నేను అమ్మ వెనక్కి వెళ్ళాను. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "దార్లో పడితే పూచీ ఎవరిదయ్యా?" అంది.

ఆయన తల గోక్కున్నాడు. "పడితే బండాపి పట్టుకుంటా లేక్కా. ఇంక దెప్పమాక. మూడు రోజుల్నుంచి దుర్గ నాకు కంచంలో అన్నం పెడతంది గానీ ఒక్క మాట మాట్లాట్టల్లా. ఎక్కండి, ఎండెక్కుతంది."

ఎక్కాం. లోపల ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆటో కదులుతుంటే వెనక్కి చూశాను. పెద్దమ్మ అరుగు మీద కాయలు తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసింది. లేవలేదు, చెయ్యెత్తలేదు, స్తోత్రం అని కేక వెయ్యలేదు. చేతిలో కాయ మాత్రం చాలాసేపు అట్లాగే పట్టుకుని ఉంది.

సాయంత్రం మందులు తీసుకుని తిరిగొచ్చాం. ఆమె మా గడప దగ్గరికి వచ్చింది. మా దగ్గర ఇలాంటివి జరిగితే ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. దేవుడు ఫలానా మేలు చేశాడని పదిమందిలో చెప్పాలని ప్రతివాళ్ళకూ ఉంటుంది. ఆమెకు ఎంత ఉందో ఆమె మొహంలోనే కనిపిస్తోంది.

"కావ్యా, ఆదివారం సాక్ష్యం చెప్పనా?" అని అడిగింది.

దుర్గక్క గిన్నె వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. నేను తల అడ్డంగా ఊపాను.

"సరే" అంది. గిన్నె ఇచ్చి, కూరేదన్నా ఉంటే పెట్టమని అమ్మను అడిగి, కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంది.

ఇది జరిగి ఆరేళ్ళు. మూడు వీధులకు వినపడే గొంతులో ఆ సాక్ష్యం ఆరేళ్ళుగా అట్లాగే ఆగి ఉంది. మొన్న దుర్గక్క ఒప్పుకుంది. అందుకని ఇప్పుడు నేను చెబుతున్నాను.